మనసు సరే, మార్గమేదీ?

పటమటలో మా ఇంటికి నాలుగు సందుల అవతల ఇంటర్మీడియట్ పిల్లల వసతిగృహం ఒకటి ఉంది. నాలుగంతస్తుల మేడ. కిటికీలకు ఇనుప ఊచలు, వసారాలకు ఇనుప వల, వీథి గుమ్మానికి ఇనుప తలుపు. ఆ తలుపు పైన గోడ మీద, వీథి చివరికి కూడా కనిపించేటంత పెద్ద నీలిరంగు అక్షరాలతో ‘మనసుంటే మార్గముంటుంది’ అని వ్రాసి ఉంటుంది. ఆదివారం పూట తల్లిదండ్రులు క్యారియర్లు పట్టుకుని ఆ తలుపు ముందు వరుసగా నిలబడతారు. తలుపులో చిన్న కంత ఒకటి తెరుచుకుంటుంది. క్యారియరు లోపలికి పోతుంది, వారం రోజుల మాసిన బట్టల సంచీ బయటికి వస్తుంది. అక్కడ కనిపించే మార్గం అంతమాత్రమే.

ఆ వాక్యాన్ని ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాను. దాని మీద కోపం మాత్రం ఈ మధ్యనే వచ్చింది. ఆ కోపమే ఈ టపా. కాస్త దీర్ఘంగా ఉంటుంది, ఓపిక పట్టండి.

ఇది మన సామెత కాదని చాలామందికి తట్టదు. ఇంగ్లీషులో ‘వేర్ దేరీజ్ ఎ విల్, దేరీజ్ ఎ వే’ అనే మాటకి ఇది తెలుగు వేషం. అంత చక్కగా ఇమిడిపోయింది కాబట్టే ఎవరూ దాని ఊరూ పేరూ అడగరు. అనువాదకుడెవరో గాని చెవి ఉన్నవాడు. ఇంగ్లీషులో విల్లుకీ వేకీ కుదిరిన మొదటి అక్షరపు జోడును మనసుకీ మార్గానికీ కుదిర్చాడు. యతి కుదిరిన వాక్యం తెలుగువాడి నాలుక మీద నుంచి దిగదు. అయితే ఆ యతి కోసం అర్థాన్ని తాకట్టు పెట్టాడని నా అభియోగం.

‘విల్’ అంటే మనసు కాదు. పట్టుదల, సంకల్పం, పంతం, నిశ్చయం – వీటిలో ఏది వాడినా కొంతవరకు న్యాయం జరిగేది. మనసు వేరే జాతి మాట. మనసుపడి చీర కొంటాం. మనసొప్పక పిల్లిపిల్లను బయట వదలలేకపోతాం. మనసు విరిగితే పుట్టింటికి వెళ్ళిపోతాం. మనసు కష్టపెట్టుకోవద్దని బతిమాలుకుంటాం. అది ఇష్టానికీ ప్రేమకీ నొప్పికీ ఇల్లు. పట్టుదల చాలలేదంటే ఒక గుణం కొరవడిందని అర్థం, రేపు తెచ్చుకోవచ్చు. మనసు లేదంటే మాత్రం మనిషిలోనే ఏదో లేదని అర్థం. ‘వాడికి చదువు మీద మనసు లేదండీ’ అని ఒక తండ్రి అన్నప్పుడు, ఆ పిల్లవాడి చెవికి వినిపించేది శ్రమ చాలలేదన్న మాట కాదు. అమ్మ మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టి కట్టిన ఫీజు మీద, అంటే అమ్మ మీదే, వాడికి ప్రేమ లేదన్న మాట. ఇంగ్లీషు సామెత కండలను పరీక్షిస్తుంది. మన అనువాదం గుండెను బోనెక్కిస్తుంది.

ఇక తర్కం సంగతి. మనసుంటే మార్గం ఉంటుందన్నారు గదా, మార్గం లేని చోట ఏమనుకోవాలి? మనసు లేదనుకోవాలి. వాక్యాన్ని తిరగవేస్తే వచ్చే అర్థం అదొక్కటే. వ్రాసినవాడు ధైర్యం చెప్పడానికే వ్రాసి ఉండవచ్చు. చదివేవాడు గెలిచినవాడైతే దాన్ని సూటిగా చదువుకుంటాడు, ఓడినవాడైతే తిరగవేసి చదువుకుంటాడు. గోడ మీద రంగు అక్షరాలకు ఈ ఇద్దరినీ వేరు చేసే విద్య తెలియదు.

నిజానికి తెలుగులో ‘ఉంటుంది’ అన్న క్రియ అంత నిక్కచ్చి మనిషి కాదు. దానిలో నియమమూ ఉంది, ఊహా ఉంది. ‘కళ్ళజోడు బల్ల మీదే ఉంటుంది చూడు’ అంటే బల్ల మీద ఉండవచ్చునని అర్థం. అలా చదువుకుంటే, మనసున్నచోట మార్గం ఉంటే ఉండవచ్చు, వెతికి చూడు అని మెత్తగా చెప్పినట్లుంటుంది. ఆ మెత్తదనానికి నాకు అభ్యంతరం లేదు. కానీ గోడకెక్కిన ‘ఉంటుంది’లో ఊహ చచ్చిపోయింది, శాసనం మిగిలింది.

దీని పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చూద్దాం. జార్జ్ హెర్బర్ట్ అనే కవి పోగుచేసిన విదేశీ సామెతల పుస్తకం ఆయన పోయాక 1640లో అచ్చయింది. కోరుకున్నవాడికి దారులు కరవు కావన్న అర్థంతో దీని పూర్వరూపం అందులో ఉంది. ఇప్పటి రూపం పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బాగా కనిపిస్తుంది. విలియం హాజ్లిట్ 1822లో అచ్చువేసిన ‘ద ఫైట్’ అనే వ్యాసం సరిగ్గా ఈ సామెతతోనే మొదలవుతుంది. ఆ మహానుభావుడికి అప్పుడు వచ్చిన కష్టమేమిటో తెలుసా? మర్నాడు జరగబోయే ముష్టియుద్ధం ఏ ఊళ్ళోనో తెలుసుకోవాలి. లండన్ వీథుల్లో నడుస్తూ తనకు తానే ఈ సామెత చెప్పుకుని, ఒక మద్యశాలకు వెళ్ళి కనుక్కున్నాడు. ఎక్కవలసిన బండి తప్పిపోతే ఇంకో బండి పట్టుకుని వెళ్ళి పందెం చూసి వచ్చాడు. జేబులో కిరాయి డబ్బులున్నవాడు, తీరిక ఉన్నవాడు, తన సరదా తీర్చుకోవడానికి తనకు తాను చెప్పుకున్న మాట అది. అక్కడ అది ఎంత అందంగా ఉందో చెప్పలేను. దాన్నే తెచ్చి, పదహారేళ్ళ పిల్లవాడిని లోపల పెట్టి తాళం వేసిన తలుపు పైన వ్రాశాం.

ఈ సామెతకు మతం స్థాయిని ఇచ్చినవాడు శామ్యూల్ స్మైల్స్. 1859లో వచ్చిన ఆయన ‘సెల్ఫ్-హెల్ప్’ పుస్తకమంతా ఈ ధోరణిలోనే నడుస్తుంది. కుమ్మరి, నేతగాడు, చెప్పులు కుట్టేవాడు, అందరూ పట్టుదలతో పైకి వచ్చినవారే. చిత్రమేమిటంటే ఏడేళ్ళ తర్వాత 1866 ముద్రణకు వ్రాసిన ముందుమాటలో ఆయన సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. పుస్తకం పేరు చూసి స్వార్థాన్ని పొగిడాడనుకున్నారట. గెలిచినవారి కథలే చెప్పావు, కష్టపడి ఓడిపోయినవారి కథలు చెప్పవేమని కూడా అడిగారట. ఓటమి చరిత్ర చదివితే నీరసం వస్తుందన్న అర్థంలో ఏదో జవాబు చెప్పి తప్పుకున్నాడాయన. ఆనాటి నుంచి ఈనాటి దాకా వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నీ ఆ ముందుమాట వ్రాయడం మానేసిన ‘సెల్ఫ్-హెల్ప్’లే. మా బెజవాడ పుస్తక ప్రదర్శనలో ఆ బల్లల దగ్గరే ఎప్పుడూ రద్దీ ఎక్కువ. ఆ పక్కన కవిత్వం బల్ల దగ్గర నేనూ ఇంకొకాయనా నిలబడి ఉంటాం. సరే, అది వేరే ఏడుపు.

మరి మన వాళ్ళకు సంకల్పబలం తెలియదా? తెలియకేం. కాకపోతే మన సంకల్పం కట్టుబాటు వేరు. ఇంట్లో ఏ వ్రతానికి కూర్చున్నా పురోహితుడు ముందు సంకల్పం చెప్పిస్తాడు. నేనిది చేస్తానన్న మాట అందులో చిట్టచివర వస్తుంది. దానికి ముందు ఏ ద్వీపం, ఏ వర్షం, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదుల నడుమ కూర్చున్నావో చెప్పాలి. పటమటలో కూర్చున్న మేము కృష్ణా గోదావరుల మధ్యదేశమని చెప్పుకుంటాం. ఏ సంవత్సరమో, ఏ తిథో, నీ గోత్రమేదో, నీ పేరేమిటో చెప్పాలి. ఇన్నీ చెప్పాక కూడా దొరికిన ద్రవ్యాలతో, శక్తి కొలదీ చేస్తానని ఒక మినహాయింపు పెట్టుకోవాలి. యావచ్ఛక్తి అన్న ఆ ఒక్క మాటలో ఎంత మర్యాద ఉందో చూడండి. నమ్మకం ఉన్నవారూ లేనివారూ కూడా ఒప్పుకోవలసిన సంగతి ఇది: నువ్వెక్కడ నిలబడి ఉన్నావో, నీ చేతిలో ఏముందో చెప్పకుండా నీ కోరిక ఒక్కటీ చెబితే దాన్ని మన పెద్దలు సంకల్పమని అనలేదు.

సామెతలు ఇంకా నిర్మొహమాటంగా ఉంటాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇందులో మనసుకేం కొదవ? పేరు కూడా పెట్టేశాడు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లలు మాత్రం దుడ్డుల్లా ఉండాలి. ఈ సామెతను మా రాష్ట్రంలో ప్రతి బడ్జెట్ ప్రసంగం తర్వాత చదవాలని నా ప్రతిపాదన. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి. కృష్ణా జిల్లా కళ్ళాల్లో పుట్టిందా అనిపించే మాట ఇది. చేట నీ చేతిలో ఉంది, రెక్కల్లో సత్తువ ఉంది, ధాన్యం రాశి ఎదురుగా ఉంది, గాలి మాత్రం నీది కాదు. అది వీచినప్పుడు నిద్రపోతే తప్పు నీది. వీచనప్పుడు తప్పు ఎవరిదీ కాదు. ఎంత సమన్యాయం! ఇక దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు అన్నది ఉందే, దాని ముందు ఇంగ్లీషు సామెత నిలవదు. అక్కడ కోరేవాడి మనసే కాదు, ఇచ్చేవాడి మనసు కూడా ఉంది. అయినా మార్గం లేదు, ఎందుకంటే మార్గం మధ్యలో ఒకడు కూర్చుని ఉన్నాడు.

సోమరిపోతులను మన సామెతలు వదిలిపెట్టాయనుకోకండి. దున్నబోతే దూడల్లో, మేయబోతే ఎద్దుల్లో అని ఉతికి ఆరేశాయి. ఆడలేక మద్దెల ఓడన్నాయి. అంటే మన దగ్గర రెండు రకాల కొలతలూ ఉన్నాయి. మద్దెల నిజంగా ఓడా, ఆడేవాడు చేతగానివాడా అన్నది చూసి, దానికి తగిన సామెత తీస్తాం. చూడకుండా ముందే తీర్పు చెప్పే సామెత ఈ దిగుమతి సరుకే.

మరొక ముచ్చట చెప్పాలి. రోజువారీ తెలుగులో మనం ఎక్కువగా వాడేది మనసుంటే అన్న మాట కాదు, వీలుంటే అన్న మాట. వీలుంటే వస్తాను, వీలు చూసుకుని చేస్తాను, వీలు కాలేదండీ. ఇందులో కొంత తప్పించుకునే తెలివీ ఉందని ఒప్పుకుంటాను. పెళ్ళిపత్రిక ఇచ్చినవాడితో ‘వీలు చూసుకుని వస్తాం’ అంటే రామనే అర్థం. కానీ దాని అడుగున ఉన్న చూపు ఏమిటంటే, ముందు దారి, తర్వాత మనిషి. ఇంగ్లీషు ‘విల్’ మన కోర్టు గుమ్మాల్లోకి వచ్చి పారశీకపు ‘నామా’ను తగిలించుకుని వీలునామా అయి కూర్చుంది. చచ్చినవాడి ఇష్టం కూడా మన నోట వీలుగానే పలికింది. అది ఉచ్చారణ తెచ్చిన యాదృచ్ఛికమేనని తెలుసు, అయినా నాకు నచ్చింది. విల్లున్నచోట చుట్టాలుంటారని ఇంగ్లీషువాళ్ళు ఆ సామెతను ఎగతాళి చేస్తారు. బందరు రోడ్డుకి ఇటూ అటూ సెంటు భూమి ఉన్నవాడెవడైనా ఆ ఎగతాళిలో నిజమెంతో చెప్పగలడు.

దారి ముందా, మనసు ముందా అన్న ప్రశ్నకు మా ప్రాంతపు చరిత్ర ఒక జవాబు చెప్పింది. నందన నామ సంవత్సరం, అంటే 1832–33, గుంటూరు ప్రాంతంలో డొక్కల కరువు. లక్షకు పైగా జనం పోయారు. చచ్చిపోయినవారి ఎముకలు దారుల వెంట పడి ఉండేవని చెప్పుకునే కరువు అది. ఆ రైతులకు దున్నాలనీ బతకాలనీ మనసు లేదని ఎవరైనా అనగలరా? పక్కనే కృష్ణ ఉంది. నీళ్ళు సముద్రంలోకి పోతూనే ఉన్నాయి, వాటిని పొలానికి మళ్ళించే ఆనకట్ట లేదు. సర్ ఆర్థర్ కాటన్ పట్టుబట్టి ఒప్పించడం, 1852 నుంచి 1855 వరకు కెప్టెన్ ఓర్ చేతి మీదుగా బెజవాడ దగ్గర ఆనకట్ట లేవడం, కాలువలు సాగడం ఆ తర్వాతి కథ. ఆ పాత ఆనకట్ట 1952లో గండిపడితే, దాని స్థానంలో 1957కి ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. ఈనాడు దాని కింద పదమూడు లక్షల ఎకరాల ఆయకట్టు. కృష్ణా డెల్టావాళ్ళు చొరవ ఉన్నవాళ్ళని, ఎక్కడికి పోయినా బతకగలరని, సినిమాలు తీశారని, ఆసుపత్రులు కట్టారని, అమెరికా వెళ్ళారని మనం గొప్పగా చెప్పుకుంటాం. నిజమే. ఆ చొరవ 1855కి ముందు ఎక్కడ దాక్కుందో కూడా చెప్పాలి గదా? కాలువ వచ్చింది, రెండు పంటలు పండాయి, గాదె నిండింది, అప్పుడు చొరవకి కాళ్ళు మొలిచాయి. మా వైపు మార్గమే ముందు వచ్చింది.

ఇప్పటికీ అంతే. కాలువ మొదట్లో పొలమున్నవాడికీ, దివి వైపు శివారులో పొలమున్నవాడికీ విత్తనం ఒకటే, ఎరువు ఒకటే. నారుమడి పోసుకుని ఆకాశం కేసీ కాలువ కేసీ చూసేది మాత్రం శివారు రైతే. లస్కరు తూము ఎప్పుడెత్తుతాడో, పైవాళ్ళు ఎంత తోడుకుంటారో, వాడి చేతిలో లేదు. మనసుని బట్టి పంట పండేటట్లయితే శివారులో పుట్లకు పుట్లు పండాలి.

2024 సెప్టెంబరు మొదటి రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు పోయింది. అంతకు ముందు 2009లో, 2019లో కృష్ణ పొంగినప్పుడు కృష్ణలంక వైపు, మా పటమట పక్కనే ఉన్న రామలింగేశ్వరనగర్ వైపు పల్లపు ఇళ్ళు నీళ్ళలో ఉన్నాయి. ఈసారి ఏటి ఒడ్డున విడతలు విడతలుగా కట్టిన రక్షణగోడ వాళ్ళను కాచింది. అదే ఊళ్ళో అవతలి పక్క బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి మునిగింది. పైకప్పుల మీద పాల పొట్లాల కోసం చేతులు చాచి నిలబడినవారికీ, గోడ వెనక పొడి నేల మీద నిద్రపోయినవారికీ మనసులో ఏమిటి తేడా? ఒకచోట గోడ ఉంది, ఇంకోచోట గట్టు తెగింది. నీళ్ళు దిగాక వెలసిన ప్రసంగాల్లో ఈ సామెత ఒకటి రెండుసార్లు నా చెవిన పడింది. బురద కడుక్కుంటున్నవాళ్ళకు ‘మనసుంటే మార్గముంటుంది, మళ్ళీ లేస్తారు’ అని ఓదార్పు. చీపురు తిరగేసి కొట్టకపోవడం మా ఊరివాళ్ళ సంస్కారం.

మళ్ళీ ఆ వసతిగృహం దగ్గరికి వస్తాను. ఎంసెట్ 1986లో వచ్చింది. డెల్టా గాదెల్లోని మిగులు చదువు మీద పెట్టుబడి అయింది. బెజవాడ ఆ చదువుకి రాజధాని అయింది. తప్పని అనను, నా తోటివారు చాలామంది ఆ మెట్ల మీదుగానే పైకి వెళ్ళారు. కానీ లెక్క చూడండి. 2024లో నీట్ వ్రాసినవారు 23 లక్షల పైచిలుకు. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త పైన. ఆ 23 లక్షల మందికీ రేపు తెల్లవారేసరికి హిమాలయమంత పట్టుదల వచ్చిందనుకోండి. ఎంతమందికి సీటు వస్తుంది? అదే లక్ష చిల్లరకు. అందరి మనసూ రెట్టింపయితే కటాఫ్ పెరుగుతుంది, సీట్లు పెరగవు. ఇంత సులభమైన కూడిక తీసివేత, అన్ని గణితశాస్త్ర గ్రంథాలు అమ్మే ఆ సంస్థల గోడల మీద ఎవరూ వ్రాయరు. మిగిలిన 22 లక్షల మందికి గోడ ఇస్తున్న జవాబు ఒక్కటే: నీకు మనసు లేదు.

ఆ జవాబు మోయలేనివారు ఉన్నారు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,000 మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. పరీక్షలొక్కటే కారణమని నేననను, ఒక్కొక్క మరణం వెనుక ఎన్నో ఉంటాయి. కానీ 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఏమన్నదో చూడాలి. విశాఖపట్నంలో నీట్ శిక్షణలో ఉండగా 2023లో మరణించిన ఒక అమ్మాయి కేసులో అది 15 మార్గదర్శకాలు జారీ చేసింది. మార్కులను బట్టి పిల్లలను తరగతులుగా విడగొట్టరాదు, నలుగురిలో అవమానించరాదు, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టరాదు, నూరుమంది పిల్లలున్న ప్రతి సంస్థలోనూ మానసిక సలహాదారు ఉండాలి. గమనించారా, పిల్లలకు గట్టి మనసు నేర్పమని కోర్టు అనలేదు. సంస్థలను దారి వేయమంది. శక్తికి మించరాదన్న ఆ మాట చదివినప్పుడు నాకు మన పురోహితుడి యావచ్ఛక్తి గుర్తుకొచ్చింది.

‘అయితే పిల్లలకు కాళ్ళు చాపుకుని కూర్చోమని చెప్పమంటారా?’ అని మీలో ఒకరిద్దరు ఇప్పటికే వ్యాఖ్య టైపు చేస్తూ ఉంటారు. చెప్పమనను. కాలువ వచ్చాక కూడా గట్టు వేసుకోనివాడి మడిలో నీళ్ళు నిలవవు. పట్టుదల కావాలి. నా పేచీ ఆ సామెతను ఎవరు ఎవరికి చెబుతున్నారన్న దాని మీద. హాజ్లిట్ లాగా తనకు తాను చెప్పుకోండి, దానికంటే మంచి మందు లేదు. కష్టంలో ఉన్న స్నేహితుడికి, దారి వెతకడంలో మీరూ తోడు వెళ్ళే ఉద్దేశం ఉంటే చెప్పండి. తాళంచెవి మీ మొలలో ఉంచుకుని లోపలివాడికి మాత్రం చెప్పకండి.

అసలు ఈ సామెతకు సరైన చోటు ఇంకొకటుంది, మన పత్రికలు దాన్ని తెలియకుండానే కనిపెట్టాయి. ప్రభుత్వం గురించి వ్రాసేటప్పుడు ఎవరూ మనసు అనరు, చిత్తశుద్ధి అంటారు. ‘పాలకులకు చిత్తశుద్ధి ఉంటే బుడమేరు ఆక్రమణలు తొలగించడం ఎంతసేపు?’ అని వ్రాస్తారు. అక్కడ ఆ వాక్యం అక్షరాలా సత్యం. ఖజానా ఉంది, చట్టం ఉంది, యంత్రాంగం ఉంది, ఇంజనీర్లున్నారు. మార్గాలన్నీ చేతిలో ఉన్నవాడిని నీకు సంకల్పముందా అని అడగవచ్చు, అడిగి తీరాలి. విచిత్రమేమిటంటే అడగవలసిన ఆ చోట సామెత వినపడదు. అక్కడ ‘నిధుల లభ్యతను బట్టి, దశలవారీగా, సాధ్యాసాధ్యాలు పరిశీలించి’ అన్న భాష వినిపిస్తుంది. ఉన్నవాడు వీలు గురించి మాట్లాడతాడు. లేనివాడికి మనసు గురించి చెబుతాడు.

ఈ టపా వ్రాయడానికి అసలు కారణం చెప్పకుండా చాలా తిరిగాను. 2002, 2003 ప్రాంతంలో నేనొక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. కృష్ణలో నీళ్ళు లేని ఏళ్ళవి. ఒకసారి ఈ సామెతనే ఇచ్చి ఒక పేజీ వ్రాయమన్నాను. నాగాయలంక వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు మొదటి వాక్యంలోనే విల్లునీ వేనీ తారుమారు చేశాడు. దారి ఉన్నచోట మనసుంటుందని వ్రాసి, దాని కింద వాళ్ళ కాలువ గురించి, లాకుల గురించి, ఆ ఏడు నారు ఎండిపోవడం గురించి తప్పుల ఇంగ్లీషులో ముప్పాతిక పేజీ నింపాడు. సామెతే తప్పు వ్రాశాడని ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి, పదికి రెండు వేశాను. తరగతిలో చదివి వినిపించాను కూడా. పిల్లలు నవ్వారు. వాడూ నవ్వాడు.

దసరా సెలవుల తర్వాత వాడు రాలేదు. కార్తీకంలో ఒక రోజు వాళ్ళ నాన్న ట్రంకుపెట్టె తీసుకుపోవడానికి వచ్చాడు. ఆఫీసు గది ముందు కనపడి, ‘ఈ ఏడు కాలవ రాలేదు మాస్టారూ. వచ్చే ఏడు చూద్దాం’ అన్నాడు. నేను తల ఊపాను. స్టాఫు రూములో ఎవరో ఆ కుర్రాడు ఏమయ్యాడని అడిగితే, ‘మనసు పెట్టలేదండీ’ అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది.

వాడు ఆలోచించి మార్చి వ్రాశాడని నేననుకోను. తడబడే ఉంటాడు. కానీ ఆ ముప్పాతిక పేజీలో వాడు వ్రాసిందంతా ఆ తడబడిన వాక్యానికి సరిపోయింది, నేను ఇచ్చిన వాక్యానికి సరిపోలేదు. అది దిద్దేవాడు చూడవలసిన సంగతి.

ఆ ఇంగ్లీషు సామెతకు మీ వైపు వేరే తెలుగు మాట ఏదైనా ఉంటే, ముఖ్యంగా గోడలకెక్కనిది, పెద్దవాళ్ళ నోట విన్నది ఉంటే, వ్యాఖ్యలో వ్రాయండి. వీలుంటే ఒక చోట చేరుస్తాను.